దిగడానికి వీల్లేని సైకిలు

పిడుగురాళ్ల,
20 జూన్ 1988

నాయనమ్మగారికి,

మీ మనవరాలు రెబ్కా నమస్కారాలు. తాతగారి దగ్గు తగ్గి ఉంటుంది. నా మొదటి జీతంతో పంపిన నాపరాళ్లు చీరాల ఇంటి నేలకి సరిగ్గా అమిరాయని ఆయన రాస్తే సంతోషించాను.

మీకు డొంకతిరుగుడు నచ్చదు కాబట్టి సంగతికి వస్తున్నాను. నా బడి సున్నపురాయి క్వారీల అవతల గుట్ట మీద ఉంది. నేను అద్దెకున్న కొండమ్మగారి ఇంటి నుంచి మూడు మైళ్లు. దారి అన్నది పేరుకే, అంతా గుంటలూ, లారీల మీంచి జారిపడ్డ రాళ్లూ. ఎంత పొద్దున్నే లేచినా నేను చేరేసరికి గంట కొట్టేస్తున్నారు. బడి మేనేజరు యేసుపాదంగారు మొన్న అందరి ముందూ, "టీచరమ్మా, పిల్లల కోసం నువ్వు ఎదురుచూడాలా, నీ కోసం పిల్లలా?" అన్నారు. ఇలాగే సాగితే దసరా లోపల నా పోస్టు ఇంకొకరికి ఇస్తారట. నాకు ముందు ఏడాదిపాటు ఈ బడికి టీచరే లేదు. నేను పోతే మళ్లీ తలుపుకి తాళమే.

సున్నపురాయి లారీ ఎక్కనని మీకు మాట ఇచ్చాను, ఎక్కను. కాని గుంటూరు బ్రాడీపేటలో మీ శిష్యుడు సంజీవరావుగారి సైకిలు షాపుకి కొత్త రకం వచ్చిందట. లావు టైర్లు, రాళ్ల మీద కూడా పోతుందట. కొండ సైకిలు అంటున్నారు. ఆడవాళ్లకి పనికొచ్చేలా కమ్మీ కిందికి వంచి చేసినవీ ఉన్నాయట. మీరు ఒక్క మాట రాస్తే నాకొకటి పంపుతారు.

మీ
రెబ్కా


చీరాల,
27 జూన్ 1988

రెబ్కాకు,

దీవెనలు. మీ తాతగారి దగ్గు తగ్గలేదు, ఆయన మందు వేసుకోవడం తగ్గింది.

సంజీవరావుకి రాశాను, జవాబు వచ్చింది. వాడు మూడో తరగతిలో ఎంత నెమ్మదిగా లెక్క చేసేవాడో ఇప్పుడూ అంతే నెమ్మది, కాని తప్పు చేయడు. ఈ సైకిళ్ల ఫ్రేములు మూడు కొలతల్లో వస్తాయట. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు అంగుళాలు. మనిషి ఎత్తునీ, కాలి పొడవునీ బట్టి ఎంచుకోవాలట. చెప్పుల్లాగా కాస్త అటూ ఇటూ అయినా సరిపెట్టుకునే వస్తువు కాదన్నాడు.

నీ ఎత్తుకి నిన్ను అడగనక్కర్లేదు. నువ్వు ఇంటర్ పాసైన రోజున మీ తాతగారు నిన్ను నడవ ద్వారబంధానికి ఆనించి పెన్సిలుతో గీత గీశారు. ఆ గీత దాకా టేపు పట్టి రెండుసార్లు కొలిచాను. ఐదడుగుల ఒక అంగుళం.

కాలి పొడవు గురించి మాత్రం సంజీవరావు రాసిన పద్ధతి నాకు నచ్చలేదు. కాలు లోపలి వైపు, పాదం నుంచి పైదాకా అని కార్డు మీద బాహాటంగా రాశాడు. కార్డు మన పోస్ట్‌మాన్ చదివాడు. ఎదురింటి సుబ్బరావమ్మ చదివింది. పెళ్లికాని పిల్లకి అలాంటి కొలత ఎవరూ తీయరు, తీసినా ఎవరికీ రాయరు. కాబట్టి మర్యాదగా చెప్పుకోదగ్గ దగ్గరి చోటు ఏదా అని ఆలోచించి నిర్ణయించాను. మడమ నుంచి చీర కుచ్చిళ్లు దోపుకునే చోటు దాకా కొలిపించి నాకు తెలియజెయ్యి. కవరులో పెట్టు, కార్డు మీద వద్దు.

నాయనమ్మ
దేవకుమారి


పిడుగురాళ్ల,
3 జూలై 1988

నాయనమ్మగారికి,

నమస్కారాలు. మీరు చెప్పినట్టే కొండమ్మగారు కొలిచారు. ముప్ఫై ఎనిమిది అంగుళాలు వచ్చింది. ఆవిడ టేపు చుడుతూ, "ఏందమ్మా ఇది, సైకిలు ఎక్కుతావా, కట్టుకుంటావా?" అని అడిగారు. పెద్దవాళ్ల నిర్ణయం అని చెప్పాను.

ఎత్తు విషయంలో మాత్రం పొరపాటు ఉంది. నేను ఐదడుగుల నాలుగు. కాలేజీలో ఎన్.సి.సి. వాళ్లు కొలిచారు.

నిన్న మళ్లీ గంట తరవాతే చేరాను. త్వరగా పంపించండి.

మీ
రెబ్కా


చీరాల,
11 జూలై 1988

రెబ్కాకు,

దీవెనలు. నీ జాబు అందాక గీతని మూడోసారి కొలిచాను. ఐదడుగుల ఒక అంగుళం. కర్ర మీద గీత మాట మార్చదు, ఎన్.సి.సి. వాళ్ల సంగతి నాకు తెలియదు. ఆ రోజు గీత గీసింది మీ తాతగారు. ఆయన పిల్లల మార్కుల్లోనూ ఉదారంగా ఉండేవారు, పెన్సిలు మాత్రం ఎందుకు తగ్గించి పట్టారో అర్థం కాదు. అడిగాను. "నేను సరిగ్గానే గీశాను దేవకుమారీ" అన్నారు. తప్పు చేసినవాళ్లంతా అంత శాంతంగానే చెబుతారు. అప్పటి నుంచి మా మధ్య మాటలు తక్కువగా ఉన్నాయి.

రెండు కొలతలూ సంజీవరావుకి పంపాను. వాడి జవాబు యథాతథంగా రాస్తున్నాను: "అమ్మగారూ, ఈ కొలతలు ఒక మనిషివా, ఇద్దరివా? ఎత్తు ప్రకారం చిన్న ఫ్రేము చాలు. కాళ్ల ప్రకారం మా షాపులో ఉన్న అన్నిటికంటే పెద్దది కావాలి. ఈ రెండూ ఒకే అమ్మాయివైతే ఆమెకి నడుము నుంచి తల దాకా మిగిలేది చాలా కొంచెం. ఒకసారి సరిచూడగలరు."

పెద్దలని ఇలా ప్రశ్నించడం నేను వాడికి నేర్పలేదు. సైకిలు తొక్కేది కాళ్లతో కాబట్టి కాళ్లనే లెక్కలోకి తీసుకోమని, ఇరవై రెండు అంగుళాలది పంపమని రాశాను. రైలు పార్శిల్లో వస్తుంది. నూనె వెయ్యి.

నాయనమ్మ


పిడుగురాళ్ల,
25 జూలై 1988

నాయనమ్మగారికి,

నమస్కారాలు. సైకిలు అందింది. ఎర్రగా, చాలా అందంగా ఉంది. స్టేషను నుంచి నడిపించుకుంటూ వస్తుంటే జనం గుర్రాన్ని చూసినట్టు చూశారు.

ఒక్కటే చిక్కు. సీటు పూర్తిగా కిందికి దించినా, ముందుకి జరిగి వంచిన కమ్మీ మీదికి వచ్చినా నా కాళ్లు నేలకి అందవు. వేళ్ల చివరలు కూడా అందవు. అందుకని కొండమ్మగారి గోడ పక్కనున్న రాళ్ల కుప్ప ఎక్కి, దాని మీంచి సైకిలు ఎక్కుతున్నాను. ఎక్కాక అది అద్భుతంగా పోతుంది. రాళ్లూ లేవు, గుంటలూ లేవు. వారం రోజులుగా గంటకి ముందే చేరుతున్నాను.

చేరుతున్నాను కాని దిగలేకపోతున్నాను. ఆపితే పక్కకి ఒరిగి పడతాను, రెండుసార్లు పడ్డాను. ఇప్పుడు బడి పక్కన రాళ్లు కొట్టే ఆడవాళ్లు దయతలిచి నన్ను పట్టుకుంటున్నారు. దూరాన కనపడగానే "వస్తంది, వస్తంది, పట్టుకోండే!" అని కేకేసి, చెరో పక్కా నిలబడి నన్ను గాల్లోంచి దించుతారు. వాళ్లు రావడం ఆలస్యమైతే నేను బడి చుట్టూ తిరుగుతూ ఉంటాను. మొన్న తిరుగుతూనే హాజరు పిలిచాను. పిల్లలు కిటికీలోంచి పలికారు. అబ్రాహాం అన్నవాడు మాత్రం నేను రెండోసారి వచ్చేదాకా పలకలేదు.

చిన్న ఫ్రేముకి మార్పించగలరా?

మీ
రెబ్కా


చీరాల,
31 జూలై 1988

రెబ్కాకు,

దీవెనలు. వస్తువు వారానికే మార్చడం మన ఇంట్లో లేదు. నీ గౌన్లు, జాకెట్లు అన్నీ నేను ఒక మడత వదిలి, పెరిగే వయసని చూసి కుట్టించాను. ఏదీ వృథా కాలేదు. నీకు ఇరవై మూడేళ్లే.

అయితే ఇంకో సంగతి తేలింది, దాచడం నా పద్ధతి కాదు. నడవలో ఒక రాయి కదులుతోందని మేస్త్రిని పిలిపించాను. అతను దాన్ని లేపి, "పాత గచ్చు మీదే ఇసకా సిమెంటూ పోసి రాళ్లు పరిచాం కదమ్మా, నేల మూడంగుళాలు లేచింది" అన్నాడు. ద్వారబంధం లేవలేదు. కాబట్టి గీతకీ నేలకీ మధ్య మూడంగుళాలు మాయమయ్యాయి. నీ ఎత్తు ఐదడుగుల నాలుగే. తప్పు నువ్వు పంపిన రాళ్లది.

మీ తాతగారికి ఈ విషయం తెలియజేశాను. ఆయన నిన్నటి నుంచి ఇంట్లో ఈల వేస్తూ తిరుగుతున్నారు.

ఎత్తు పెరిగింది కాబట్టి పెద్ద ఫ్రేము మరింత సరైనదని నా అభిప్రాయం. నువ్వు కూర్చునే తీరు చూసుకో. వెన్ను నిటారుగా పెట్టు.

నాయనమ్మ


పిడుగురాళ్ల,
9 ఆగస్టు 1988

నాయనమ్మగారికి,

చాలా పెద్ద కష్టం వచ్చింది. కంగారులో రాస్తున్నాను, అక్షరాలు మన్నించండి.

శనివారం పొద్దున యేసుపాదంగారు బడి చూడటానికి వచ్చారు. దారిలోనే ఎదురయ్యారు. పెద్దలు ఎదురైతే సైకిలు దిగి, పక్కకి జరిగి, నమస్కారం పెట్టాలని మీరే నేర్పారు. ఈ ఊళ్లో అది ఇంకా గట్టి ఆచారం. యేసుపాదంగారు ఎవరు దిగారో ఎవరు దిగలేదో ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారట. నేను దిగలేను కదా. సైకిలు మీంచే "నమస్కారమండీ!" అని దాటిపోయాను.

అంతటితో పోతే బాగుండేది. బడి దగ్గర ఆడవాళ్లు రాలేదు, ఆ రోజు వాళ్లకి కూలి పంచుతున్నారు. నేను తిరగడం మొదలుపెట్టాను. యేసుపాదంగారు నడుచుకుంటూ వచ్చి బడి ముందు నిలబడ్డారు. నేను చుట్టు తిరిగినప్పుడల్లా ఆయన ఎదురవుతున్నారు. ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టకపోతే తప్పు. పెడుతూనే ఉన్నాను. ఆయన మొదట తల ఊపారు, తరవాత చూపు తిప్పుకున్నారు, ఆ తరవాత వీపు తిప్పారు. వీపు తిప్పితే ఆయన ముఖం బడి అవతలి వైపుకి వచ్చింది, నేను అటు నుంచి ఎదురయ్యాను.

చివరికి కంచెలోకి దూరి ఆగాను. చెయ్యి గీరుకుపోయింది. ఆయన ఒకే మాట అన్నారు: "నా బోటివాడి చుట్టూ గేదెని తిప్పినట్టు సైకిలు తిప్పుతావా?"

మెమో ఇచ్చారు. ఇరవయ్యో తారీకున బడి కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. పొగరుబోతు టీచరు అక్కర్లేదని కమిటీలో నలుగురు ఇప్పటికే అన్నారట. దిగలేకపోయానంటే ఎవరూ నమ్మడం లేదు. ఎక్కినవాడికి దిగడం రాకపోవడమేమిటని నవ్వుతున్నారు. నాయనమ్మగారూ, నేను పోతే ఆ పిల్లలకి ఇంకెవరూ రారు.

రెబ్కా


చీరాల,
13 ఆగస్టు 1988

రెబ్కాకు,

నీ జాబు మధ్యాహ్నం అందింది. భోజనం పక్కన పెట్టి గుంటూరు బస్సెక్కాను. ఇప్పుడే తిరిగి వచ్చాను.

సంజీవరావు తన షాపులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి విషయం వివరించాడు. మనిషి ఆ ఫ్రేముకి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడితే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలట. ఇంకా పైన కొంత జాగా మిగలాలట. మామూలు రోడ్డుకి తక్కువ జాగా చాలు. రాళ్ల దారిలో కాలు ఎప్పుడు కింద పెట్టాల్సి వస్తుందో తెలియదు కాబట్టి ఎక్కువ ఉండాలి, అందుకే కొండ సైకిలు ఎప్పుడూ ఒక మెట్టు చిన్నదే తీసుకోవాలట. నడుముతో దానికి పనిలేదు. అతను మొదట రాసిన కొలతే అసలు కొలత. నేను మర్యాద కోసం కొలత జరిపాను, కొలత మర్యాద కోసం జరగలేదు.

ఆ కొలత తీసే పద్ధతి కూడా చెప్పాడు. గోడకి వీపు ఆనించి నిలబడి, ఒక పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా నిలువుగా ఇరికించి, దాని పై అంచు నుంచి నేలకి కొలవాలట. పుస్తకం అనగానే నేను లేచి నిలబడ్డాను. కాలికి తగిలితేనే కళ్లకద్దుకునే వస్తువది. బైబిలు, కీర్తనల పుస్తకం ఎలాగూ కుదరవు. లెక్కల పుస్తకం నా ప్రాణం ఉండగా కుదరదు. తిరిగి వస్తూ మన పాస్టరు జయరావుగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, రైల్వే టైంటేబిలు ఫరవాలేదేమో, ప్రార్థన చేసి చెబుతానన్నారు. అంత వ్యవధి లేదు. మేస్త్రులు గోడ రుద్దే చెక్క ఉంటుంది కదా, అది వాడు. చదువుకి సంబంధించింది కాదు, అంచు కూడా తిన్నగా ఉంటుంది.

యేసుపాదంగారికి ఒక జాబు ఇందులో జతపరిచాను. అతికించలేదు, నువ్వూ చదువు:

"అయ్యా, నా మనవరాలు మీకు సైకిలు దిగలేదన్నది నిజం. దిగితే పడేదన్నది కూడా నిజం. ఆ ఫ్రేము కొలత నిర్ణయించింది నేను. దిగితే పడేదన్న మాట నమ్మడానికి తమకి కష్టంగా ఉన్నట్టు తెలిసింది. కాబట్టి తీర్పు చెప్పే ముందు తమరు స్వయంగా ఆ సైకిలు ఎక్కి, కమిటీవారిలో ఒక పెద్దమనిషి ఎదురైనప్పుడు దిగి చూపించవలసిందిగా కోరుతున్నాను. తమరు దిగితే ఆమె చేసింది పొగరే. ఉద్యోగం తీసేయండి, నేను ఒక్క మాట అనను."

నీ ఎత్తు ఐదడుగుల నాలుగు, ఆయనది ఎంతో నాకు తెలియదు. దేవుడు ఆయన్ని మరీ పొడుగ్గా చేసి ఉండడని ఆశిస్తున్నాను.

నాయనమ్మ


పిడుగురాళ్ల,
21 ఆగస్టు 1988

నాయనమ్మగారికి,

యేసుపాదంగారు నాకంటే అంగుళం పొట్టి.

కమిటీ బడి ఆవరణలోనే కూర్చుంది. మీ జాబు ఆయన పైకే చదివారు. "దిగితే పొగరే" అన్న చోట ఆగి, నవ్వి, "ఓస్, ఇంతేనా" అని పంచె ఎగ్గట్టారు. బడి పక్కనున్న రాళ్ల కుప్ప మీంచి, నేను పట్టుకుంటే ఎక్కారు. వదిలాను. మొదటి చుట్టు చాలా ఠీవిగా తిరిగారు. చిన్నప్పుడు తను తొక్కిన సైకిళ్ల గురించి కూడా చెప్పారు. రెండో చుట్టులో మాటలు తగ్గాయి.

కమిటీలో పెద్దవారు ఇమ్మానియేలుగారు. యేసుపాదంగారికి స్వయానా పిల్లనిచ్చిన మామగారు. కర్ర పట్టుకుని దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"దిగవయ్యా యేసుపాదం, చూద్దాం."

"దిగుతున్నాను మామయ్యగారూ" అంటూ దాటిపోయారు.

మళ్లీ చుట్టు తిరిగి వచ్చారు. "ఏమయ్యా, దిగుతానన్నావు?"

"వందనాలు మామయ్యగారూ!" అని మళ్లీ దాటిపోయారు.

"పెళ్లైన కాడి నుంచీ చూస్తన్నా, ఈయన ఎవరికీ దిగడు" అని కిటికీ దగ్గర నిలబడ్డ యేసుపాదంగారి భార్య అన్నారు.

నాలుగోసారో ఐదోసారో నా పక్క నుంచి పోతూ, తల తిప్పకుండా, నాకు మాత్రమే వినపడేలా, "అమ్మాయ్, మెమో కొట్టేశాను. నన్ను ఆపించు" అన్నారు. నేను ఆడవాళ్లని కేకేశాను. "వస్తండు, పట్టుకోండే!" అని వాళ్లు పరిగెత్తుకొచ్చారు. మేనేజరుగారిని దించేటప్పుడు ఎంతో మర్యాదగా దించారు. ఒకావిడ పంచె కూడా సర్దింది.

ఉద్యోగం నిలబడింది. మీవల్లే.

గోడ రుద్దే చెక్కతో కొలత తీశాం. కాలి లోపలి పొడవు ఇరవై తొమ్మిదిన్నర. సంజీవరావుగారికి నేనే నేరుగా రాశాను, కవరులోనే. పద్దెనిమిది అంగుళాలది మార్చి పంపుతామన్నారు.

మీ
రెబ్కా


పిడుగురాళ్ల,
12 సెప్టెంబరు 1988

నాయనమ్మగారికి,

నమస్కారాలు. చిన్న ఫ్రేము సైకిలు వచ్చి పది రోజులైంది. నా కొలతకే పుట్టినట్టుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కాలు పెట్టగలను, ఎక్కడ కావాలంటే అక్కడ దిగగలను.

నా కష్టం ఇప్పుడు అదే. దిగగలనని ఊరందరికీ తెలిసిపోయింది. పెద్ద సైకిలు రోజుల్లో పాపం దిగలేదని అందరూ ఊరుకున్నారు. ఇప్పుడు ఇమ్మానియేలుగారు ఎదురైతే దిగాలి. క్వారీ మేస్త్రిగారు ఎదురైతే దిగాలి. కొండమ్మగారి తోడికోడలు, పోస్టుమాస్టరుగారు, సున్నపుబట్టీ కాపలా తాతయ్య, అందరూ నేను వచ్చే వేళకే దారిలో ఉంటారు. కొందరు ఇదివరకు నేను దిగని రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు రెండు చోట్ల ఎదురవుతున్నారు. దిగితే ఊరికే పోనివ్వరు. "ఏమ్మా, మీ నాయనమ్మ బాగుందా?" అని అడుగుతారు. మీరు ఇక్కడ చాలా ప్రసిద్ధులయ్యారు. దిగి, చెప్పి, ఎక్కి, మళ్లీ దిగి వెళ్లేసరికి నడిచి వెళ్లినంత వేళవుతోంది.

పోయిన వారం మూడు రోజులు గంట తరవాతే చేరాను. శనివారం యేసుపాదంగారు గడియారం చూపించారు. పైకి అనడానికి ఆయనకి మొహమాటంగా ఉంది. కాని కమిటీలో ఆ నలుగురూ అలాగే ఉన్నారు, వాళ్లకి మొహమాటం లేదు. దసరా దగ్గరికొచ్చింది.

దిగితే ఉద్యోగం పోతుంది. దిగకపోతే మీరు నేర్పింది పోతుంది. మీరే చెప్పండి.

మీ
రెబ్కా


చీరాల,
17 సెప్టెంబరు 1988

రెబ్కాకు,

దీవెనలు. నీ ప్రశ్నకి జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. మామూలుగా ఒక పూట చాలు.

నేను ముప్ఫై ఏళ్లు బడికి నడిచి వెళ్లాను. దారిలో ఎందరికి ఆగానో, ఎందరితో మాట్లాడానో ఇప్పుడు గుర్తు లేదు. నా కోసం గుమ్మంలో నిలబడ్డ పిల్లలు మాత్రం గుర్తున్నారు. అందులో సంజీవరావు ఒకడు. పెద్దలకి దిగమని నేర్పాను, అది తప్పని ఇప్పుడూ అనను. కాని ఆ దారిలో వచ్చే పెద్దలెవరూ అక్కడ కూర్చుని నీ కోసం ఎదురుచూడటం లేదు. పిల్లలు చూస్తున్నారు.

కింది నాలుగు వాక్యాలూ కత్తిరించి, అట్ట మీద అతికించి, సైకిలు హ్యాండిలుకి ముందువైపు కట్టుకో. చదవడం రానివాళ్లకి నువ్వు ఆగకుండానే చదివి వినిపించు.

"బడి గంట కొట్టే లోపల ఈ సైకిలు మీద పోతున్న టీచరు ఎవరికీ దిగనక్కర్లేదు. ఇది ఆమె నాయనమ్మ, విశ్రాంత హెడ్మిస్ట్రెస్ దేవకుమారి ఇచ్చిన అనుమతి. నాకు డెబ్భై నాలుగేళ్లు. ఇంతకంటే పెద్దవారెవరైనా ఉంటే వయసు రుజువుతో చీరాలకి రాయగలరు."

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం అందరికీ దిగు. అందరి క్షేమమూ అడుగు. నా క్షేమం కూడా అప్పుడే చెప్పు.

దసరాకి ముందే నేనూ మీ తాతగారూ ఒకసారి వచ్చి నీ బడి చూడాలనుకుంటున్నాం. ఆయన ఈల ఇంకా ఆపలేదు. రైలు దిగి, ఆ రాళ్ల దారిలోనే పొద్దున నడిచి వస్తాం. గంట కొట్టే వేళ కాబట్టి తాతగారిని చూసి ఆగొద్దు, నమస్కారం పెట్టి పో.

నాకు మాత్రం దిగు.

నీ నాయనమ్మ